కుంటను సగమే కప్పండి, పాచిని కొంచెం కొంచెంగా తీయండి

కార్తీకం దాటింది. వానలు వెనక్కి తగ్గాయి. నంద్యాల, ఆళ్లగడ్డ పక్క చేలల్లో శనగ మొలిచింది, జొన్న లేచింది. కేసీ కాలువ, తెలుగుగంగ కింద ఉన్నవాళ్లకు కాలువ పారినన్నాళ్లు దిగులు లేదు. కాలువ చివర ఉన్నవాళ్లకు, కాలువే అందని మెట్ట చేలవాళ్లకు మాత్రం చేనులో తవ్వుకున్న కుంటే దిక్కు. 2015 తర్వాత ఉపాధి హామీ పనుల కింద, పంట సంజీవని పేరుతో తవ్విన సేద్యపు కుంటలు మన రాష్ట్రంలో చాలా పల్లెల్లో ఉన్నాయి.

మీ కుంటలో ఎన్ని నీళ్లున్నాయో ఒకసారి లెక్క వేసుకోండి. పైన 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు అనగానే 2 లక్షల లీటర్లు అనుకుంటాం. కానీ గట్లు ఏటవాలుగా ఉంటాయి. అడుగున 6 మీటర్లే మిగిలితే అందులో పట్టేది సుమారు 1 లక్షా 30 వేల లీటర్లే. ఎకరా శనగకు మూడు సెంటీమీటర్ల మందాన ఒక్క తడికి సరిపోతుంది, అంతే. పూతకు ముందో, కాయ ఊరేటప్పుడో ఆ ఒక్క తడి అందితే పంట నిలబడుతుంది. అందుకే ఆ నీటిని పుష్యం వరకు కాపాడుకోవాలి.

సరిగ్గా ఆ నీటి మీదే చలికాలంలో పాచి పడుతుంది. పాచి కనబడగానే చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. మైలుతుత్తం తెచ్చి గుప్పుతారు, లేకుంటే పట్టా తెచ్చి కుంటంతా మూసేస్తారు. కుంటలో చేపలుంటే ఈ రెండూ చేటే. చేయాల్సింది వేరే ఉంది. నీళ్లలోకి ఎరువు రాకుండా ఆపాలి, ఎండను సగం ఆపాలి, ఉన్న పాచిని విడతలుగా తీయాలి.

చలికాలంలోనే పాచి ఎందుకు?

వానకాలంలో కుంటకు చేరేవి బురద నీళ్లు. ఆ బురదలో ఎండ జానెడు లోతుకు కూడా దిగదు. వెలుగు లేకపోతే పాచి పెరగదు. కార్తీకం తర్వాత నీరు కదలకుండా నిలబడుతుంది, మట్టి అడుగుకు పేరుకుంటుంది, నీళ్లు తేటబడతాయి. ఆకాశంలో మబ్బు ఉండదు. ఎండ నేరుగా అడుగుదాకా పోతుంది. వానల్లో చేలనుంచి కొట్టుకొచ్చిన యూరియా, డీఏపీ, దిబ్బ ఎరువు సారం అంతా ఆ నీళ్లలోనే కలిసి ఉంటుంది. వెలుగుంది, తిండి ఉంది, కదిలించే ప్రవాహం లేదు. పాచికి ఇంకేం కావాలి?

పైగా రోజురోజుకూ నీళ్లు తగ్గుతాయి, ఎరువు సారం మాత్రం తగ్గదు. రోజుకు 4 మిల్లీమీటర్లు ఆవిరైపోయినా పైన చెప్పిన కుంటలో రోజుకు 400 లీటర్లు, నెలకు 12 వేల లీటర్లు గాలిలో కలుస్తాయి. అంటే నెలకు దాదాపు పదోవంతు. కాబట్టి కుంటను కప్పితే రెండు లాభాలు: పాచి తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి.

ముందు పాచిని గుర్తుపట్టండి

అన్ని పాచులూ ఒకటి కాదు. ఒక కర్ర తీసుకుని నీళ్లలో తిప్పి చూడండి.

కర్రకు జుట్టులా చుట్టుకుని వస్తే అది దారాల పాచి. అడుగున, గట్టు వారన పుట్టి, ఎండ కాసేకొద్దీ గాలి బుడగలు పట్టి పైకి తేలుతుంది. మోటారు ఫుట్‌వాల్వును, డ్రిప్పు ఫిల్టరును మూసేసేది ఇదే. చేత్తో తీయడానికి వీలైనదీ ఇదే.

కర్రకు ఏమీ అంటకుండా నీళ్లే పచ్చగా ఉంటే అది నీళ్లలో కలిసి ఉండే సన్న పాచి. కంటికి విడివిడిగా కనబడదు. మితంగా ఉంటే చేపలకు మేత, మించితే చేపలకు చేటు.

నీటి పైన పచ్చరంగు ఒలకబోసినట్టు తెట్టు కట్టి, గాలి వాలుకు ఒక మూలకు చేరి, దుర్వాసన కొడుతుంటే జాగ్రత్త పడండి. అది నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. వీటిలో కొన్ని రకాలు విషాన్ని వదులుతాయి. 2020లో ఆఫ్రికాలోని బోట్స్వానాలో 300కు పైగా ఏనుగులు చనిపోతే, నీటి గుంటల్లో పెరిగిన ఇలాంటి నాచు విషమే కారణమని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. అంతంత ఏనుగులకే అలా అయితే మన ఎద్దులు, గొర్రెల సంగతి వేరే చెప్పాలా? ఇలాంటి తెట్టు కనబడితే ఆ కుంటకు గొడ్లను తోలకండి. పిల్లలను ఈతకు దిగనివ్వకండి. కాచినంత మాత్రాన ఆ విషం పోదు కనుక ఆ నీళ్లు కాచి తాగడం కూడా తప్పే.

మితమా, మించిందా అని తెలుసుకోవడానికి మన చెయ్యే కొలబద్ద. ఎండ బాగా ఉన్నప్పుడు గట్టున కూర్చుని అరచేయి తెరిచి నిటారుగా నీళ్లలోకి దించండి. జానెడు లోతు లోపలే అరచేయి మాయమైతే పాచి మించిపోయింది. జానకూ మూరకూ మధ్య మాయమైతే చేపలకు సరైన పాళ్లు. మూర దాటినా ఇంకా అరచేయి కనబడుతుంటే నీళ్లు తేటగా ఉన్నాయి. అప్పుడు అడుగున దారాల పాచి పుట్టే వీలుంటుంది. మట్టి నీళ్లకు ఈ కొలత పనికిరాదు.

ఎరువు దారి కట్టండి

మహానంది కోనేరు చూడనివాళ్లు మన జిల్లాలో ఉండరు. అన్ని కాలాల్లో నీళ్లు నిండుగా ఉంటాయి, అడుగున పడ్డ రూపాయి బిళ్ల కూడా కనబడుతుంది. దానికి కారణం ఊట నీళ్లు ఒక పక్క వస్తూ, ఇంకో పక్క పోతూ ఉండటమే. నీళ్లలో సారం పేరుకునే వీలు లేదు. ఆ పోయిన నీళ్లే కింద పొలాలకు పారుతున్నాయి. మన కుంటలో ఊట లేదు, ప్రవాహం లేదు. వచ్చిన ఎరువు వచ్చినట్టే నిలిచిపోతుంది. కాబట్టి రానివ్వకపోవడమే మన చేతిలో ఉన్న పని.

కుంట చుట్టూ రెండు మూడు మీటర్ల మేర దున్నకుండా గరికనో, పశుగ్రాసమో పెంచండి. చేలోనుంచి వచ్చే సారాన్ని అది పట్టుకుంటుంది, గొడ్లకు మేత కూడా దొరుకుతుంది. నీళ్లు కుంటలో దిగే చోట చిన్న గుంత తవ్వి ఉంచితే ఒండ్రు అందులోనే పడుతుంది. ఏటా దాన్ని ఎత్తి చేలో వేసుకోవచ్చు. దిబ్బ, పశువుల కొట్టం కుంటకు ఎగువన ఉండకూడదు. గొడ్లను కుంటలోకి దింపకుండా, నీళ్లు తోడి తొట్టిలో పోయండి. ఊరి మురుగు కలిసే వాగునుంచి మోటారుతో కుంట నింపుకుంటే పాచిని పిలిచి పీట వేసినట్టే.

గట్టు మీద వేప, చింత లాంటి చెట్లుంటే చలికాలం చివర ఆకు రాలుతుంది. రాలిన ఆకు నీళ్లలో కుళ్లి మళ్లీ పాచికే ఎరువవుతుంది. వారానికి ఒకసారి పాత దోమతెరను కర్రకు కట్టి ఆకు దేవేయండి.

కప్పడం ఎలా?

చలి దేశాల్లో పెరటి కొలనులను చలికాలంలో వల వేసి కప్పుతారు. అది రాలే ఆకు పడకుండా. నీళ్లు గడ్డకట్టే చోట మంచులో ఒక కంత తెరిచి ఉంచుతారు. అది కిందున్న చేపలకు గాలి ఆడటానికి, కుళ్లు వాయువు బయటికి పోవడానికి. మన దగ్గర నీళ్లు గడ్డకట్టవు. ఇక్కడ కప్పేది ఎండ కోసం. అయినా పాటించాల్సిన సూత్రం ఒకటే: పూర్తిగా మూయకూడదు, గాలికి చోటు వదలాలి.

చేపలున్న కుంటను సగానికి మించి కప్పకండి. ఏ సగం అన్నది ముఖ్యం. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. నీడ ఉత్తరానికి పడుతుంది. కాబట్టి దక్షిణం వైపు సగం మీద పందిరి వేయండి. ఉత్తరం సగం మీద వేస్తే నీడలో కొంత గట్టు మీద పడి వృథా అవుతుంది.

కుంటకు రెండు పక్కలా సరుగుడు కర్రలు పాతి, జీఐ తీగ లాగి, దాని మీద 50 లేదా 75 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ పరిస్తే నాలుగు కాలాలు మన్నుతుంది. డబ్బు పెట్టలేనివాళ్లు తాటాకు, ఈత మట్టలు, కంది కంప వాడుకోవచ్చు. ఏది వేసినా గట్టిగా కట్టండి. నీళ్లలో రాలి కుళ్లితే మొదటికే మోసం వస్తుంది. జొన్న చొప్ప మాత్రం వేయకండి. అది గొడ్ల నోటి కాడి మేత, పైగా త్వరగా కుళ్లుతుంది.

ఇంకో ఉపాయం: గట్టు వారన బీర, సొర, కాకర పెట్టి తీగలను కుంట మీది పందిరికి ఎక్కించండి. తీగ అల్లుకోవడానికి నెలన్నర పడుతుంది కనుక వానలు తగ్గుతున్నప్పుడే విత్తనం పెట్టాలి. నీడకు నీడ, కూరకు కూర. కానీ ఆ తీగల మీద పురుగుమందు కొట్టకూడదు. కొన్ని మందులు నీళ్లలో చుక్క పడ్డా చేపలు తేలతాయి.

నీళ్ల మీద అజొల్లా పెంచి కప్పుదామనుకునేవాళ్లు వెదురు కర్రలతో చట్రం కట్టి, ఆ చట్రంలోనే పెంచండి. వదిలేస్తే కుంటంతా పరుచుకుని కింద గాలి ఆడదు. పెరిగింది పెరిగినట్టు తీసి గొడ్లకు వేయండి. గుర్రపుడెక్కను మాత్రం కుంట ఛాయలకు రానివ్వకండి. వచ్చిందంటే పోదు.

చేపలు లేవు, ప్లాస్టిక్ పట్టా పరిచిన కుంట, నీళ్లు డ్రిప్పుకే అనుకుంటే అప్పుడు పూర్తిగా కప్పినా తప్పులేదు. వెలుగు దూరని మందపాటి నల్ల పట్టా అయితే పాచి దాదాపు పుట్టదు. వాన నీళ్లు లోపలికి దిగడానికి, గాలి పోవడానికి అంచుల్లో సందు వదలండి.

తీయడం విడతలుగా

దారాల పాచిని తీయడానికి మందు అక్కర్లేదు. పళ్ల కర్రకు మోకు కట్టి విసిరి లాగండి, లేదా ఇద్దరు చెరో గట్టున నిలబడి పాత వల లాగండి. ఒక్కరోజే మొత్తం తీయకండి. మూడోవంతు తీసి, వారం పది రోజులు ఆగి మళ్లీ మూడోవంతు తీయండి. ఎందుకంటే పగలు ఎండలో నీళ్లకు ఊపిరి ఇచ్చేది కూడా ఆ పాచే. ఒక్కసారిగా కలచివేస్తే అడుగు కుళ్లు పైకి లేచి చేపలకు ఊపిరాడదు.

తీసిన పాచిని కుంట లోపలి వాలు మీద పడేయకండి. ఒక్క జల్లు పడితే సారమంతా మళ్లీ నీళ్లలోకే దిగుతుంది. గట్టు అవతల రెండు రోజులు ఆరబెట్టి దిబ్బలో కలపండి. మంచి ఎరువవుతుంది. కర్రకు చుట్టుకోని, రంగు ఒలికినట్టుండే తెట్టును మాత్రం ఒట్టి చేతులతో ముట్టుకోకండి, గొడ్లు తిరిగే చోట వేయకండి.

ఒంటరిగా కుంటలోకి దిగకండి. పాచి పట్టిన ప్లాస్టిక్ పట్టా సబ్బు రాసినట్టు జారుతుంది. పడితే ఈత వచ్చినవాడికి కూడా పైకి ఎక్కడం కష్టం. నాలుగు వైపులా ముడులు వేసిన మోకులు నీళ్లదాకా వేలాడదీయండి. పాత ట్యూబు ఒకటి గట్టున ఉంచండి. పిల్లలు తిరిగే చోటైతే కంచె తప్పనిసరి. ఈ ఖర్చుకు వెనకాడవద్దు.

మైలుతుత్తం సంగతి

మైలుతుత్తం పాచిని చంపుతుంది, నిజమే. కానీ ఎంత వేయాలన్నది నీళ్ల గుణాన్ని బట్టి మారుతుంది. చప్ప నీళ్లలో కొంచెమే చేపలకు విషమవుతుంది, ఉప్పు సారం ఎక్కువున్న నీళ్లలో అదే పాళ్లు పనిచేయదు. అంచనాగా వేయడానికి ఇది యూరియా కాదు. పైన చెప్పిన కుంటను 2 లక్షల లీటర్లని లెక్కకట్టి వేస్తే, అసలు కావలసినదానికి ఒకటిన్నర రెట్లు పడినట్టు. చచ్చిన పాచి ఒక్కసారిగా కుళ్లి, నీళ్లలో ఉన్న ఊపిరినంతా లాగేసుకుంటుంది. అప్పుడు చేపలు మందుతో కాకపోయినా ఊపిరాడక చస్తాయి. నీలి ఆకుపచ్చ నాచు అయితే చచ్చేటప్పుడు లోపలి విషాన్ని నీళ్లలోకి వదులుతుంది. పాచి చచ్చినా ఎరువు సారం నీళ్లలోనే ఉంటుంది కనుక కొన్నాళ్లకు మళ్లీ పుడుతుంది. మైలుతుత్తంలోని రాగి అడుగు మట్టిలో పేరుకుంటుంది. నీళ్ల పరీక్ష లేకుండా, మత్స్యశాఖ వాళ్లను అడగకుండా వేయకండి.

చేపలున్నవాళ్లకు

పాచి పగలు ఎండలో ప్రాణవాయువు విడుస్తుంది, రాత్రి చేపల్లాగే తానూ పీలుస్తుంది. అందువల్ల తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. అల్పపీడనం పట్టి రెండు మూడు రోజులు మబ్బు కమ్మితే ఇంకా ప్రమాదం. కోడి కూసే వేళ చేపలు నోళ్లు తెరిచి పైకి వస్తుంటే ఆట కాదు, ఊపిరికి కొట్టుకుంటున్నాయి. వెంటనే మేత ఆపండి. మోటారు వేసి అదే నీటిని జల్లులా మళ్లీ కుంటలోకి కొట్టండి. బోరు నీళ్లయితే నేరుగా వదలకుండా ఎత్తునుంచి చిలికినట్టు పడేలా చూడండి.

నీళ్లు 20 డిగ్రీల కంటే చల్లబడితే మన బొచ్చె, రాగండి సరిగా తినవు. తినని తవుడు, చెక్క అడుగున కుళ్లి పాచికే మేతవుతుంది. పుష్యంలో మేత సగం తగ్గించి, పొద్దెక్కి నీళ్లు వెచ్చబడ్డాక 10, 11 గంటలకు వేయండి. నీళ్లు ఇప్పటికే పచ్చగా ఉంటే పేడ వేయడం ఆపండి. చదరపు మీటరుకు ఒక చేపకు మించి వదలకండి. వాటిలో కొన్ని వెండి చేపలు వదిలితే సన్న పాచిని, కొన్ని గడ్డి చేపలు వదిలితే దారాల పాచిని, నీటి గడ్డిని తింటాయి. ఉన్న పాచినంతా అవే తినేస్తాయని మాత్రం ఆశపడకండి.

డ్రిప్పున్నవాళ్లకు

ఫుట్‌వాల్వును అడుగున బురదలోనూ వేయకండి, పైన పాచిలోనూ వేయకండి. ఖాళీ డ్రమ్ముకు కట్టి నీటి మట్టానికి రెండడుగుల కింద వేలాడేలా చేస్తే తేట నీళ్లే వస్తాయి. చుట్టూ వల తొడగండి. కుంట నీళ్లకు జల్లెడ ఫిల్టరు ఒక్కటే చాలదు, ముందు ఇసుక ఫిల్టరు ఉండాలి. ఫిల్టరుకు ముందూ వెనకా ఉన్న ప్రెషరు మీటర్ల మధ్య తేడా అర కిలో దాటితే నీళ్లు తిరగదోసి కడగాలి.

లాటరల్ పైపుల్లో జిగురు పడితే బ్లీచింగ్ పౌడరు నీళ్లు పంపవచ్చు. 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పొడి అయితే పైపులో పారే ప్రతి 1000 లీటర్లకు 30 గ్రాముల చొప్పున బకెట్టులో కలిపి, రాత్రంతా ఉంచి, పైన తేరిన నీళ్లే వంచి వాడండి. అరగంట పైపుల్లో నిలిపి, తర్వాత చివరలు విప్పి కడిగేయండి. ఈ నీళ్లు మోటారు దాటాక పైపులోకే పోవాలి, చేపలున్న కుంటలో చుక్క కూడా పడకూడదు. బ్లీచింగును యాసిడ్‌తో గానీ, ఎరువుతో గానీ ఎన్నడూ కలపకండి. యాసిడ్ కలిస్తే వచ్చే వాయువు మనిషి ప్రాణం తీస్తుంది.

ఏ నెలలో ఏ పని?

కార్తీకంలో నీళ్లు తేటబడుతున్నప్పుడే పందిరి కర్రలు పాతండి. మార్గశిరంలో దక్షిణ సగం కప్పి, వారానికోసారి అరచేతి కొలత చూడండి. పుష్యంలో మేత తగ్గించి, పాచి మూడోవంతు చొప్పున తీయండి. మాఘంలో రాలిన ఆకు దేవండి. శివరాత్రికి చలి శివశివా అని వెళ్లిపోయాక ఎండ ముదురుతుంది. అప్పుడు నీళ్లు ఇంకా మిగిలుంటే నీడను తీయకుండా అలాగే ఉంచండి. కుంట ఎండినప్పుడు అడుగు ఒండ్రును ఎత్తి చేలకు తోలండి. ఏళ్ల తరబడి పేరుకున్న ఎరువు సారం అందులోనే ఉంది. చేనికది బలం, కుంటలో వదిలితే వచ్చే ఏడాది పాచికి బలం.

అనుమానం ఉంటే ఒక శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టుకుని మీ ఊరి రైతు సేవా కేంద్రంలోనో, మండలంలోని మత్స్యశాఖ సిబ్బందినో అడగండి. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, బనగానపల్లె దగ్గర యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రం మన అందుబాటులోనే ఉన్నాయి. ఒక తడి నీళ్లకు ఇంత శ్రమా అని అనుకోకండి. శనగ కాయ ఊరే వేళకు బజారులో ఎంత డబ్బు పెట్టినా ఆ తడి దొరకదు.